వాగుల్లో మట్టిని నిలిపే కట్టలు



ఉత్తర ఆఫ్రికాలో, ట్యునీషియా దేశపు దక్షిణ భాగమున మత్మాతా కొండలు ఉన్నవి. అచట ఏటా కురియు వాన సుమారు 200 మిల్లీమీటర్లు. మన అనంతపురం వానలో అది సగమైనను కాదు. అదియు కొద్దిపాటి జడివానలుగా వచ్చి, బోడికొండల మీది మట్టిని కోసుకొనిపోవును. మట్టి పోయిన నేల ఎడారి యగును.

దీనిని అరికట్టుటకు అచటి రైతులు తరతరాలుగా వాగులకు అడ్డముగా, ఒకదాని దిగువ నొకటిగా మట్టికట్టలు వేయుచున్నారు. వీనిని 'జెసూర్' అందురు. కొండనీరు తెచ్చిన ఒండ్రు కట్ట వెనుక పేరి లోతైన మడి ఏర్పడును. నీరు అందులో ఇంకును. ఆ మడిలో ఆలివ్, అంజూరు చెట్లు, బార్లీ పెంచుదురు. మిగులు నీరు రాతి అలుగు మీదుగా క్రింది మడికి దిగును.

ఒండ్రు పేరిన కొలది కట్టను ఎత్తు చేయుచుండవలెను. కాని కూలిపనులకై పట్నములకు వలసపోయినవారి కట్టలు చూచువారు లేక తెగుచున్నవి. పై కట్ట తెగినచో ఆ వరద క్రింది కట్టలను కూడ తెంపును. ఒకరి అశ్రద్ధకు పలువురు నేల పోగొట్టుకొందురు.

మీ వాగులో కట్టలున్నచో, తొలకరికి ముందే ఇరుగుపొరుగు రైతులతో కలసి పైనుండి క్రిందివరకు నడచి చూడుడు. అలుగు శుభ్రపరచుడు. గండి చిన్నదిగా నున్నప్పుడే పూడ్చుడు.