మోషే ఎక్కిన మూడు కొండలు

ఈ దినము మన ధ్యానము కొరకు ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము, మొదటి ఆరు వచనములు తెరిచి ఉంచుకొనండి.

బైబిలులో కొండలకు గొప్ప స్థానమున్నది. మోరీయా మీద ఇస్సాకుకు బదులు పొట్టేలు దొరికింది. కర్మెలు మీద ఏలీయా ప్రార్థనకు అగ్ని దిగింది. అందుచేత కొండ అనగానే ప్రార్థనకు జవాబు దొరికే చోటని మనము తలుస్తాము. అది నిజమే. అయితే అదే బైబిలులో, దేవుడు తన సేవకునికి కొండ మీద "కాదు" అని చెప్పిన సంగతి కూడా ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక సహోదరుడు జబ్బుపడ్డారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాము. నేను ఆయన భార్యతో, "అమ్మా, విశ్వాసముంచండి, తప్పక లేస్తారు" అని గట్టిగా చెప్పాను. ఆయన లేవలేదు. భూస్థాపన అయిన తరువాత ఆమె నన్ను ఒక్క మాట అడిగారు: "అయ్యగారూ, నా విశ్వాసము చాలలేదా?" నేను బదులు చెప్పలేకపోయాను. ఆ బరువును ఆమె నెత్తిన పెట్టినది నా మాటే. ఆ దినములలో మోషే చరిత్రను మరలా చదివాను.

మొదటి కొండ సీనాయి. నిర్గమకాండము 33వ అధ్యాయములో మోషే దేవుని మహిమను చూపుమని వేడుకున్నాడు. తన ముఖమును చూచి ఏ నరుడును బ్రదుకలేడని దేవుడు చెప్పాడు. బండ సందులో అతనిని దాచి, తన చేతితో కప్పి, తాను దాటిపోయిన తరువాత వెనుక పార్శ్వమును మాత్రమే చూడనిచ్చాడు. ముఖమును చూడాలన్న కోరిక అలాగే మిగిలిపోయింది.

రెండవ కొండ నెబో. మెరీబా యొద్ద బండతో మాట్లాడుమని దేవుడు చెప్పగా మోషే దానిని రెండుసార్లు కొట్టాడు. అందువలన వాగ్దాన దేశములో అడుగుపెట్టలేడని దేవుడు చెప్పాడు. ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయములో మోషే బ్రతిమాలుకున్నాడు. యొర్దాను అవతలనున్న మంచి దేశమును, మంచి మన్నెమును చూడనిమ్మన్నాడు. మన్నెము అని మన బైబిలులో ఉన్నచోట హెబ్రీ భాషలో ఉన్న మాట "హర్", అనగా కొండ. ఆ మంచి కొండను చూడాలని ముసలివాని ఆశ. ఇక ఈ సంగతి తనతో ఎత్తవద్దని దేవుడు చెప్పాడు.

నెబో నేటి యొర్దాను దేశములో, మాదబా పట్టణమునకు దగ్గరలో ఉన్నది. సముద్ర మట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తు. దాని ఎదుట మృత సముద్రము సముద్ర మట్టము కంటె 400 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. ఆకాశము తేటగా ఉన్న దినమున యెరికో, ఆవల యెరూషలేము కొండలు కనబడతాయి. అంత దగ్గర! 40 సంవత్సరములు జనమును మోసినవాడు కన్నులతో చూచి, కాలు పెట్టకుండా 120 ఏండ్ల వయస్సులో అక్కడే మరణించాడు. కాని ఒక మాట గమనించండి. అతనిని పాతిపెట్టినది దేవుడే. "కాదు" అన్న దేవుడు అతనిని విడిచి వెళ్లలేదు.

మూడవ కొండ కొరకు వెయ్యి సంవత్సరములకు పైగా గడవాలి. ప్రభువు పేతురును, యాకోబును, యోహానును వెంటబెట్టుకొని ఒక కొండ ఎక్కాడు. సువార్తలలో దాని పేరు లేదు. గలిలయలోని తాబోరు అని పూర్వకాలమునుండి అనేకులు తలంచారు. హెర్మోను అని కొందరంటారు. పేతురు తన రెండవ పత్రికలో దానిని పరిశుద్ధ పర్వతమన్నాడు. ప్రభువు ముఖము సూర్యునివలె ప్రకాశించింది. ఆ ముఖము ఎదుట నిలిచి మాట్లాడుచున్న ఇద్దరిలో ఒకడు మోషే! సీనాయి మీద చూడలేని ముఖమును ఇక్కడ చూచాడు. నెబో మీద మూసిన తలుపుకు ఇవతల, ప్రభువు ప్రక్కన నిలిచాడు. అడిగినదానికంటె దొరికినది గొప్పది.

వారు దేనిని గూర్చి మాట్లాడుకున్నారు? యెరూషలేములో ప్రభువు పొందబోవు మరణమును గూర్చి అని లూకా వ్రాశాడు.

ప్రియ సహోదరీ, సహోదరుడా! మోషే విషయములో ఒక తప్పిదమున్నది గనుక, జవాబు రాని ప్రతివారూ పాపము చేశారని తీర్పు తీర్చవద్దు. ఒలీవల కొండ దగ్గర గెత్సేమనేలో పాపమెరుగని కుమారుడు ముమ్మారు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసము చాలలేదని ఎవరనగలరు? ఆ రాత్రి తొలగని గిన్నె వలననే నీకూ నాకూ రక్షణ కలిగింది.

తరువాత నేను ఆ సహోదరి ఇంటికి వెళ్లి, "అమ్మా, నేను ఇవ్వకూడని మాట ఇచ్చాను. తక్కువైనది మీ విశ్వాసము కాదు" అని చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చారు. తరువాత ఇద్దరమూ మోకరించాము. ఆమె ఎందుకని అడగలేదు. విడువవద్దని మాత్రమే ప్రార్థించారు.

నీవు నేడు నెబో మీద నిలిచియున్నావా? కోరినది కంటికి కనబడుచు చేతికి అందకున్నదా? నెబో చివరి కొండ కాదు. దేవుని లెక్కలో ఇంకొక కొండ ఉన్నది.

ప్రార్థించుకొందాము. పరలోకపు తండ్రీ, నీవు కాదన్నప్పుడు నీ చెయ్యి విడువని కృప మాకు దయచేయుము. జవాబు రాని ఇండ్లలో నీవే ఆదరణగా ఉండుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.