అవ్వ కన్ను మీద ఫోకస్

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను ఫొటోగ్రాఫర్‌ని కాను, హాస్టల్ వార్డెన్‌ని. అయినా ఈ రోజు లెన్సు గురించి మాట్లాడతానన్నాను. మా అవ్వకు మిగిలింది ఒక్కటే ఫొటో, రేషన్ కార్డులోది. ఆమె పోయాక హిందూపురంలో దాన్ని పెద్దది చేయించాం. గోడ మీద చూస్తే ఘుగ్రి తెలుస్తుంది, కళ్లు తెలియవు.

మా హాస్టల్లో చదివిన అబ్బాయి ఒకడు ధర్మవరంలో పెళ్లి ఫొటోలు తీస్తున్నాడు. పోయిన సంక్రాంతికి పెనుకొండ దగ్గరి తాండాకు వచ్చినప్పుడు వాడి మిర్రర్‌లెస్ కెమెరాకు రీలు కాలంనాటి 50 ఎంఎం లెన్సు ఉంది. మధ్యలో చిన్న అడాప్టర్ రింగు, అంతే. లెన్సు మీద 1.8 అని ఉంది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు 55 దగ్గర 5.6కు మించి తెరుచుకోదు. 1.8 దగ్గర వచ్చే వెలుతురు దానికి తొమ్మిది రెట్ల పైమాటే. అందుకే ఫాస్ట్ లెన్సు అంటారు. వాకిట్లోంచి వచ్చే వెలుగు చాలు, ఫ్లాష్ కొట్టి ముసలమ్మను బెదరగొట్టే పని లేదు.

కాకపోతే ఫోకస్ చేత్తోనే తిప్పాలి. "ఆటో ఉండగా ఈ తంటా ఎందుకురా?" అన్నాను. ఆటోలో తీసింది చూపించాడు. కాంచళి అద్దాలు, చెంప పక్కన ఘుగ్రి తళతళలాడుతున్నాయి, కన్ను మసక. ఇప్పటి ఖరీదైన కెమెరాలు కన్నును పట్టుకుంటాయి, నిజమే. మన చేతికొచ్చేవి అవి కావు కదా.

మీటరు దూరంలో 1.8 పెడితే స్పష్టంగా వచ్చేది ముందూ వెనకా కలిపి మూడు సెంటీమీటర్ల లోపే. అవ్వ కాస్త ముందుకు వంగినా పోయినట్టే. కాబట్టి మొదట 2.8తో మొదలుపెట్టండి. స్క్రీన్ మీద పెద్దది చేసుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి రెప్పల వెంట్రుకలు చూస్తూ రింగు తిప్పండి. నాలుగైదు తీయండి, ఒకటి కుదురుతుంది. ఫోకస్ పీకింగ్ రంగు గీతల్ని నమ్ముకోవద్దు, మన అద్దాల బట్టల మీద అవి ఎక్కడపడితే అక్కడ వెలుగుతాయి. పాత లెన్సు పెడితే కెమెరా క్లిక్ అవకపోవచ్చు, లెన్సు లేకుండా షట్టర్ పడే సెట్టింగు మెనూలో ఆన్ చేయాలి. కొనేముందు వెలుతురుకు ఎత్తి లోపల బూజుందేమో చూడండి.

వాడు రింగు తిప్పుతుంటే అవ్వ ఊరికే కూర్చోలేదు. తన బలియా ఎవరు తొడిగారో చెప్పడం మొదలుపెట్టింది. వాడు కెమెరా దించి విన్నాడు. మళ్లీ ఎత్తినప్పుడు ఆమె ముఖమే వేరు. వందేళ్ల కిందట మనల్ని తీసినవాళ్లకు ఈ కథలు అక్కర్లేదు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు, తలలూ ముక్కులూ కొలిచాడు. అందులో ఫొటోల కింద చాలాచోట్ల మనిషి పేరుండదు, తెగ పేరే ఉంటుంది.

అడగకుండా తీయొద్దు. తీసింది ఫోన్‌లో దాచుకోవద్దు. ప్రింటు వేయించి, వెనక అవ్వ పేరు, తాండా పేరు, తేదీ రాసి ఆమె చేతికే ఇవ్వండి. ఆ అబ్బాయి తన కెమెరా, లెన్సు మా హాస్టల్‌కు వదిలిపెట్టాడు. నా బీరువాలో ఉన్నాయి. శనివారం రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకెళ్లండి, సోమవారం స్టడీ అవర్‌కు ముందు తిరిగి రావాలి.