ఎలినోర్‌కు ఇల్లెక్కడ?



హక్కుల గురించి మాట్లాడుకునే చోట దయ్యాల నవల ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. 1963లోనూ 1999లోనూ సినిమాగా, 2018లో సీరియల్‌గా వచ్చింది. నవలలో మాత్రం దయ్యం ఇదీ అని ఎక్కడా కంటబడదు. మరి ఇన్నేళ్ళుగా పాఠకుల్ని వెంటాడుతున్నదేమిటి? చాకిరీ చేసీ చేసీ చివరికి నిలువనీడ లేకుండా మిగిలిన ఒక స్త్రీ బతుకని నా అభిప్రాయం.

ఎలినోర్‌కి 32 ఏళ్ళు. అందులో 11 ఏళ్ళు మంచాన పడ్డ తల్లి సేవలోనే గడిచిపోయాయి. తల్లి పోయాక అక్క ఇంట్లో, పిల్ల పడుకునే గదిలో, ఒక మడతమంచం. కారు కొన్న డబ్బులో సగం ఎలినోర్‌దే, అయినా తీసుకెళ్ళడానికి అక్కాబావా ఒప్పుకోరు. చెప్పకుండా తీసుకుని, దయ్యాల మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టరు పిలుపుపై హిల్ హౌస్‌కు బయలుదేరుతుంది. దారిలో ఒక ఇంటి ముందు రాతి సింహాలు చూస్తుంది. తర్వాత, అక్కడ పరిచయమైన థియోడోరాతో, తనకూ ఒక చిన్న ఇల్లుందనీ అందులో బుల్లి రాతి సింహాలున్నాయనీ చెబుతుంది. నవల మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ అబద్ధమే.

రాత్రి తలుపులు బాదుతున్న చప్పుడుకి, నిద్రమత్తులో, అమ్మ గోడ కొడుతోందనుకుంటుంది. తల్లి పోయిన రాత్రి మందు కోసం గోడ కొట్టింది. తను అసలు మేలుకోలేదో, మేలుకుని మళ్ళీ పడుకుందో ఎలినోర్‌కే తెలియదు. పదకొండేళ్ళ చాకిరీకి లెక్క లేదు, ఆ ఒక్క రాత్రికి ఉంది! మన సర్వేల్లో ఇలాంటి స్త్రీల పనిగంటలు రాసుకుంటాం. ఈ అపరాధభావాన్ని రాయడానికి మన ప్రశ్నావళిలో గడి ఉండదు.

గోడ మీద ఆమె పేరుతో, ఇంటికి రమ్మంటూ అక్షరాలు కనిపిస్తాయి. అవి దయ్యం రాసిందా, ఆమె మనసు రాయించిందా అని విమర్శకులు వాదించుకుంటారు. నాకు ఆ వాదన మీద అంత ఆసక్తి లేదు. పేరు పెట్టి పిలిచి రమ్మన్నది ఆ ఇల్లొక్కటే. తక్కినవాళ్ళంతా చివరికి ఆమెను ఇంటికి పంపించేస్తారు. తనకు ఇల్లు లేదనీ, ఆ సింహాలు కల్పించి చెప్పినవేననీ ఆమె నోరు విప్పి చెప్పాక కూడా. ఆమె కారును చెట్టుకేసి నడుపుతుంది.

జాక్సన్ నలుగురు పిల్లల్ని పెంచుతూ రాసింది. ప్రసవానికి ఆసుపత్రికి వెళ్ళి వృత్తి రచన అని చెబితే, గృహిణి అని రాసుకుంటానన్నారని 1953లో వచ్చిన తన పుస్తకంలో నవ్వుతూ చెప్పింది. 1965లో, 48 ఏళ్ళకే చనిపోయింది.

మన 2005 గృహహింస చట్టం భార్యకే కాక, కలిసి బతికిన తల్లికీ అక్కచెల్లెళ్ళకూ ఆ ఇంట్లో నివసించే హక్కును గుర్తించింది. తల్లిదండ్రులకు సేవ చేసిన అవివాహిత స్త్రీలు ఆ హక్కు అడగడానికి మన దగ్గరకు ఎందుకు రావడం లేదు? చర్చ ఇక్కడినుంచి మొదలుపెడదాం.