పట్టా ఒకరిది, నీళ్లు అందరివి

సికింద్రాబాద్ కంటోన్మెంటులో కురిసిన వాననీటిని పికెట్ నాలా హుస్సేన్‌సాగర్‌కు చేరుస్తుంది. తిరుమలగిరి చుట్టుపక్కల ఇలాంటి నాలాలు, కుంటలు ఇంకా ఉన్నాయి. వాటి బాగోగులు చాలావరకు ఒడ్డున భూమి ఉన్నవారి చేతుల్లోనే ఉన్నాయి.

మన చెరువుల్లో చాలాచోట్ల శిఖం భూములకు, అంటే చెరువు నిండితే మునిగే నేలకు, ప్రైవేటు పట్టాలున్నాయి. నీళ్లు తగ్గినప్పుడు పట్టాదారు అక్కడ సాగు చేసుకోవచ్చు. మట్టి పోసి పూడ్చే హక్కు, ఇల్లు కట్టే హక్కు లేవు. భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం అవతల 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

ఆ ఖాళీలో గడ్డి, తుంగ పెరిగితే మురికి కొంత అక్కడే ఆగుతుంది. గోడ కట్టి కాంక్రీటు పోస్తే, తొలకరి వానకే మురుగంతా నేరుగా చెరువులోకి వస్తుంది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి, గంటల్లో చచ్చిపోతాయి. ఏడాదంతా వాటి మీదే ఆశ పెట్టుకున్న గంగపుత్రులు, ముదిరాజులు నష్టపోతారు. గట్టుకు వెళ్లే బాటకు గేటు పడితే, మత్స్యకారుల సొసైటీకి చేపల వేట హక్కు ఉండీ లేనట్టే. ఇది అన్యాయం.

ప్లాటు కొనేముందు హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపు చూడండి. నాలాలో మట్టి పోస్తుంటే చెరువులు, నాలాల ఆక్రమణలను అడ్డుకునేందుకు 2024లో ఏర్పడిన హైడ్రాకు ఫిర్యాదు చేయండి.