1987: ఆ ఏడాది టీవీలో ఏం చూశాం, ఏం చూడలేదు

(పెద్దపంజాణిలో మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసార మాధ్యమాలు, స్త్రీల హక్కులు అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మాధ్యమాలంటే చాలా పెద్ద మాట. అందుకని ఒక్క సంవత్సరాన్నే తీసుకుంటాను. 1987. ఆ ఏడాది మన ఊళ్ళలో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఉన్నది ఒక్క దూరదర్శన్. అదీ పూర్తిగా కేంద్రప్రభుత్వం చేతిలోనే ఉండేది. దానికి స్వయంప్రతిపత్తి ఇస్తామన్న ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి, 1997లోగానీ అమలు కాలేదు.

1987 జనవరి 25, ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నరకు రామానంద్ సాగర్ తీసిన ‘రామాయణ్’ ధారావాహిక మొదలైంది. 1988 జూలై 31 దాకా, 78 భాగాలుగా నడిచింది. ఆ గంట దేశమంతా వీధులు ఖాళీ అయ్యేవి. టీవీకి పూలదండ వేసి, టెంకాయ కొట్టి కూర్చున్న ఇళ్ళు ఎన్నో. ప్రసంగం మొదలుపెట్టే ముందు, అప్పటికి ఊహ తెలిసిన అక్కలను కొందరిని మీకేం గుర్తుందని అడిగాను. ఒకామె ఇలా చెప్పింది: “తెల్లారకముందే లేసి, ఎనుముల పాలు పిండి, పేడెత్తి, సంగటి చేసి పెడితేగానీ టీవీ కాడికి పొయ్యేదానికి లేదు. మొగోళ్ళు ముందే పోయి కూసుండేవాళ్ళు. మేము వాకిట్లో నిలబడి చూసేది.”

ఇంకొకామె చెప్పింది నన్ను చాలా ఆలోచింపజేసింది. “ఆ హిందీ మాకేం తెల్సు? మా పక్కన సాయిబుల ఇంటి అక్క ఉండేది. ఆయమ్మకు కొంచెం కొంచెం అర్థమయ్యేది. ఆయమ్మ చెప్తా ఉంటే మేము వినేది.”

తెలుగు, కన్నడం, అరవం, ఉర్దూ కలగలిసి బతికే ఈ సరిహద్దు సీమలో రామాయణానికి అర్థం చెప్పింది ఒక ముస్లిం స్త్రీ. ఆ వాకిలి గురించి ఏ చరిత్ర పుస్తకంలోనూ రాయలేదు. మనమైనా రాసుకోవాలి.

ఇక తెర మీద సీత సంగతి. రామాయణం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో చూశాం, హరికథలో విన్నాం. ఊరు ఊరుకీ, కులం కులానికీ ఒక సీత ఉంది. సీత కష్టాలు పాడుకుంటూ మన అమ్మమ్మలు తమ కష్టాలు చెప్పుకున్నారు. టీవీ చేసిన పని ఏమిటంటే, ఇన్ని సీతలను పక్కకు నెట్టి ఒక్క సీతను అందరి కళ్ళ ముందూ నిలబెట్టడం. నెమ్మదిగా మాట్లాడే, తల వంచుకునే, భర్త మాటే వేదమనే సీత. అగ్నిపరీక్షను కూడా, ముందే అగ్నికి అప్పగించిన అసలు సీతను తిరిగి తెచ్చుకోవడమేనని సర్ది చెప్పారు. పరీక్ష పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న అలా పక్కకు పోయింది.

మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం ఆడతారు కదా. అక్కడ చివరికి నిప్పుల గుండం తొక్కేది ఎవరు? ద్రౌపదమ్మకు మొక్కుకున్న మగవాళ్ళు కూడా తొక్కుతారు. ఆడదానికి జరిగిన అవమానాన్ని గుర్తు పెట్టుకుని నిప్పు తొక్కే సంప్రదాయం మన గుమ్మంలోనే ఉంది. మన సంప్రదాయం ఒక్కటే అని ఎవరైనా చెబితే ఒప్పుకోవలసిన పని లేదు.

అదే ఏడాది సెప్టెంబరు 4న రాజస్థాన్‌లోని దేవరాలా గ్రామంలో రూప్ కన్వర్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి భర్త చితి మీద కాలిపోయింది. వేలమంది చేరి ఆ చావును పండుగ చేశారు. మహిళా సంఘాలు జైపూర్‌లో ఊరేగింపు తీశాయి. ఆ ఒత్తిడి వల్లే సతిని ఆపడానికీ, దాన్ని కీర్తించడాన్ని నేరం చేయడానికీ డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా సతిని కీర్తించిన కేసులో చివరికి మిగిలిన ఎనిమిది మందినీ 2024 అక్టోబరులో జైపూర్ కోర్టు వదిలేసింది. సీరియల్ చూసి సతి జరిగిందని నేను అనడం లేదు. అది తేలికపాటి మాట అవుతుంది. కానీ పతివ్రత అన్న మాటకు ఇంటింటా హారతి పట్టిన ఏడాదిలోనే, ఆ మాట పేరుతో ఒక పిల్ల కాలిపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడకపోతే అది మన తప్పే.

టీవీలో ఏం చూశామో చెప్పాను. ఏం చూడలేదో చెప్పడమే ఈరోజు నాకు ముఖ్యం.

డాక్టర్ పి.సి. జోషి అధ్యక్షతన ఏర్పడిన కార్యవర్గం దూరదర్శన్ మీద నివేదిక ఇచ్చింది. అది 1985లో అచ్చయింది. స్త్రీని భార్యగా, తల్లిగా మాత్రమే చూపిస్తున్నారనీ, ఆమె ఉత్పత్తిలో భాగం పంచుకునే మనిషన్న సంగతి మరిచిపోతున్నారనీ అందులో విమర్శించారు. 1990లో ప్రభా కృష్ణన్, అనితా దిఘే దూరదర్శన్ కార్యక్రమాల మీద రాసిన పుస్తకంలోనూ తేలింది దాదాపు అదే. ‘రజని’, ‘ఉడాన్’ లాంటి మంచి సీరియళ్ళు రాలేదని కాదు. వాటిలో తెగువ ఉన్న స్త్రీలు కనబడ్డారు. అయితే వాళ్ళు చదువుకున్నవాళ్ళు. చెనిక్కాయలు ఒలిచే చెయ్యి, పట్టుపురుగులకు ఆకు కోసే చెయ్యి ఎక్కడ?

మన రాష్ట్రంలో ఆ రోజుల్లోనే ఒక గొప్ప చట్టం వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇస్తూ 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందన్నారు. దేశంలో కూతురికి ఈ హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. మన పిల్లలను ఇచ్చే, తెచ్చుకునే తమిళనాడులో ఇది 1989లో వచ్చింది, కర్ణాటకలో 1994లో వచ్చింది. చట్టంలో లోపాలు ఉన్నాయి. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదన్నారు. అప్పటికే జరిగిన భాగపరిష్కారాలను కదిలించరాదన్నారు. అయినా అది పెద్ద అడుగే.

“ఈ సంగతి అప్పట్లో టీవీలో విన్నవాళ్ళు చేతులెత్తండి” అని పొద్దున అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆమె పెళ్ళి సరిగ్గా ఆ 1987లోనే. అంటే ఆ చట్టం ఆమెదే. “ఒక్క ఆదివారం గూడా విడిచిపెట్టకుండా చూసినాను మేడమ్ రామాయణం. మా అన్న చీర పెట్టి, కాయితాల మీద ఏలిముద్ర ఏయించుకున్యాడు. పుట్టింటి మంచి కోసరం అన్న్యాడు. నాకు భాగం ఉందని ఎవురూ చెప్పలేదు” అంది. అని కాసేపు ఊరుకుని, “ఇప్పుడేమన్నా చెయ్యొచ్చునా?” అని అడిగింది.

దానికి జవాబు చెప్పే ముందు ఇంకో సీతమ్మను గుర్తు చేస్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల బతుకు బుగ్గిపాలైన ఆడమనిషి కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాలు చదివి ఊరుకోలేదు. రాత్రిబడిలో కూర్చుని, ఇది మన కథే కదా అని మాట్లాడుకున్నారు. 1992లో సారా అంగడి మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు.

టీవీలో సీతను కోట్లమంది చూశారు. పుస్తకంలో సీతమ్మను చదివింది కొద్దిమంది. తేడా ఎక్కడుంది? ఒక చోట నోరు మూసుకుని చూశాం, ఇంకొక చోట నోరు తెరిచి మాట్లాడుకున్నాం. బొమ్మ మనల్ని మార్చేదీ లేనిదీ, అది చూశాక మనం ఏం మాట్లాడుకుంటాం అన్నదాని మీద ఉంటుంది. వాకిట్లో అర్థం చెప్పిన ఆ సాయిబుల ఇంటి అక్క పక్కన కూర్చుని, “సీత ఏం తప్పు చేసిందక్కా?” అని ఒక్కరు అడిగి ఉంటే ఆ వాకిలే రాత్రిబడి అయ్యేది.

ఇప్పుడు టీవీ ఒకటి కాదు, వందల చానళ్ళు. ప్రతి చేతిలోనూ ఫోను. అత్తాకోడళ్ళ సీరియళ్ళు రోజూ వస్తాయి. కాబట్టి సంఘం కూర్చున్న రోజున అప్పులు, పొదుపు లెక్కలు అయ్యాక ఒక పది నిమిషాలు తీసుకోండి. ఈ వారం చూసినదాంట్లో పని ఎవరు చేశారు? నిర్ణయం ఎవరు చేశారు? ఆస్తి ఎవరి పేరున ఉంది? ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. చాలు.

ఇక ఆ అక్క అడిగినదానికి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతురికి ఈ హక్కు ఉంది, పెళ్ళి ఎప్పుడయినా సరే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిన పంపకాలను ఇది కదిలించదు. వేలిముద్ర వేసిన కాగితం ఏమిటో, రిజిస్టరయిందో లేదో, మోసంతో తీసుకున్నదో కాదో చూడాలి. నేను వకీలును కాను, తప్పక గెలుస్తావని చెప్పలేను. కానీ అడగడానికి ఒక చోటుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం. దాని ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. మీ కోర్టు దగ్గరే దాని కమిటీ ఉంటుంది.

ఆ చట్టాన్ని పార్లమెంటు చేసింది ఏ సంవత్సరమో తెలుసా? 1987.

సోమవారం ఆ అక్కతో కోర్టు దాకా ఎవరు వెళతారో, లేచే ముందు ఇక్కడే తేల్చుకుందాం.