నెత్తురు గడ్డకట్టడానికీ కిడ్నీలకూ ఏమిటి సంబంధం?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. అయినా ఈ అంశం ఎన్నుకోవడానికి కారణముంది. మనలో గుండె కవాటం మార్పించుకున్నవారు, గుండె లయ తప్పినవారు నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు. కిడ్నీ జబ్బుతో బాధపడేవారూ ఉన్నారు. ఇవి రెండూ వేర్వేరు శాఖలని మనం అనుకుంటాం. నిజానికి ఆ రెండు శాఖల మధ్య రోజూ ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తూనే ఉంటాయి.

వేలు తెగితే కాసేపటికి నెత్తురు ఆగుతుంది. అందుకు కారణం నెత్తురులోని కొన్ని పదార్థాలు. వాటికి ఒకటి నుంచి పదమూడు వరకు రోమన్ అంకెలతో నెంబర్లిచ్చారు. అయితే ఆరో నెంబరు లేదు. అది వేరే పదార్థం కాదనీ, అయిదోదే చురుకుగా మారిన రూపమనీ తేలాక రద్దు చేశారు. మన డిస్పాచ్ రిజిస్టరులో రద్దయిన నెంబరు లాగే ఇదీ ఖాళీగా ఉండిపోయింది. ఒక పదార్థం మరొకదాన్ని లేపుతుంది, అది ఇంకొకదాన్ని లేపుతుంది. చివరకు రెండో నెంబరు నుంచి థ్రాంబిన్ పుడుతుంది. అది ఒకటో నెంబరును ఫైబ్రిన్ అనే దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వలే గడ్డ.

ఇక కిడ్నీ. ఒక్కొక్క కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గదులున్నాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో చాలా భాగాన్ని మళ్లీ నెత్తురులోకి పంపిస్తాయి. ప్రతి గదిలో సన్నని రక్తనాళాల చుట్ట ఉంటుంది. ఆ నాళాల మధ్య ఆసరాగా ఉండే కణాలను మెసాంజియల్ కణాలంటారు.

మా ఇంటావిడకు కొన్నేళ్ల క్రితం మూత్రంలో ప్రోటీను పోవడం మొదలై, పాదాలు వాచాయి. కొన్ని నెలలకు ఒక కాలు మాత్రం బాగా ఉబ్బి నొప్పి పెట్టింది. సిరలో గడ్డ ఉందన్నారు. కిడ్నీ జబ్బేమిటి, కాలిలో గడ్డేమిటి అని డాక్టరు గారిని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. ఇలాంటి జబ్బులో గడ్డలను అదుపులో ఉంచే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీను కూడా మూత్రంలో పోతుందట. అదే సమయంలో కాలేయం గడ్డకట్టే పదార్థాలను ఎక్కువగా తయారుచేస్తుందట. అంటే కాపలాదారు సెలవు మీద వెళ్లాడు, పనివాళ్లు మాత్రం రెట్టింపయ్యారు. చుట్టుపక్కలవారు "కిడ్నీ జబ్బుకు నెత్తురు మాత్రలెందుకు, ఆపెయ్యండి" అన్నారు. మేము ఆపలేదు. ఆవిడ ఇవాళ ఈ సభలోనే కూర్చుని ఉంది.

ఇది కిడ్నీ నుంచి నెత్తురుకు వెళ్లిన ఉత్తరం. నెత్తురు నుంచి కిడ్నీకి వచ్చే ఉత్తరం కూడా ఉంది. థ్రాంబిన్ పని గడ్డ కట్టించడంతో ఆగదు. అది కణాలతో ఎలా మాట్లాడుతుందో 1991లో అమెరికాలో కనుగొన్నారు. కణం మీద సీలు వేసిన కవరు వంటి గ్రాహకం ఒకటుంది. థ్రాంబిన్ దాని కొసను కత్తిరిస్తుంది. కత్తిరించగానే బయటపడిన కొత్త కొసే కణానికి ఉత్తర్వవుతుంది. మెసాంజియల్ కణాలకు ఆ ఉత్తర్వు అందితే అవి పెరిగి రెట్టింపవుతాయి, చుట్టూ పీచు పదార్థాన్ని పేరుస్తాయి. కొంత వరకు అది గాయం మానడానికే. అతిగా సాగితే మచ్చకట్టి వడపోత మూసుకుపోతుంది. కొన్ని తీవ్రమైన జబ్బుల్లో నాళాల గోడ చిరిగి, ఫైబ్రిన్ గదిలోకి కారుతుంది. దాని చుట్టూ కణాలు నెలవంక ఆకారంలో గుమిగూడతాయి. అప్పుడు వెంటనే చికిత్స అందకపోతే వారాల్లో, నెలల్లో కిడ్నీ పాడైపోవచ్చు.

రెండు, ఏడు, తొమ్మిది, పది నెంబర్లు సరిగా తయారు కావాలంటే విటమిన్ కె ఉండాలి. ఈ విటమిన్‌ను కనుగొన్న డెన్మార్కు శాస్త్రవేత్త హెన్రిక్ డామ్‌కు 1943 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇదే విటమిన్ మీద ఆధారపడే గ్యాస్-6 అనే మరో ప్రోటీను కూడా మెసాంజియల్ కణాలను పెంచుతుంది. జపాను పరిశోధకులు జంతువులలో దాన్ని వార్ఫరిన్‌తో అణిచినప్పుడు ఆ పెరుగుదల తగ్గింది.

అయితే వార్ఫరిన్ కిడ్నీకి మందు అని ఎవరూ అనుకోవద్దు. అవి జంతువుల మీద చేసిన ప్రయోగాలు. మనుషుల్లో ఆ మందు మోతాదు మించి ఐ.ఎన్.ఆర్. మూడు దాటితే, కొందరికి కిడ్నీ గదుల్లో నెత్తురు కారి, ఎర్రకణాలు సన్నని గొట్టాలను మూసి, కిడ్నీ దెబ్బతింటుంది. గడ్డకట్టడం ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

కాబట్టి నా మనవి నాలుగు మాటలు. ఈ మాత్రలు వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్షతో పాటు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోండి. కొత్త మాత్రల్లో డాబిగాట్రాన్ వంటివి ఎక్కువగా కిడ్నీ ద్వారానే బయటకు పోతాయి గనుక, కిడ్నీ పనిని బట్టి మోతాదు మారుతుంది. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారు తోటకూర, పాలకూర, మునగాకు మానేయనక్కరలేదు. ఒక వారం అసలు తినక, మరో వారం పూటపూటా తినడమే చిక్కు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనకండి. అవి రక్తస్రావానికీ దారితీస్తాయి, కిడ్నీకీ చేటు చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, డాక్టరును అడగకుండా మాత్ర మొదలుపెట్టడం గాని, ఆపడం గాని చేయకండి.

లైఫ్ సర్టిఫికెట్టు ఏటా మరిచిపోకుండా ఇచ్చే మనం, ఆ లైఫును నిలబెట్టే పరీక్షలను మరిచిపోకూడదు.