అమ్మ పెంచిన మల్లెచెట్టు

ఈరోజు మా పెరట్లోని మల్లెచెట్టు గురించి చెప్తాను.

అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఏటా సంక్రాంతి వెళ్లగానే అమ్మ ఆ చెట్టుకి నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకులు కూడా దూసేసేది. "పాపం కదమ్మా" అంటే, "ఇప్పుడు మోడు చేస్తేనే ఎండాకాలం విరగబూస్తుందిరా" అనేది.

అమ్మ పోయాక వచ్చిన మొదటి సంక్రాంతికి నేను కత్తెర పట్టలేకపోయాను. అమ్మ చేతులు తాకిన కొమ్మలు కదా! చెట్టు గుబురుగా పెరిగింది. పూలు మాత్రం గుప్పెడు కూడా రాలేదు.

ఈ ఏడు ధైర్యం చేశాను. ఏడుస్తూనే కత్తిరించాను. ఫిబ్రవరి ఆఖర్లో మళ్లీ నీళ్లు పెట్టాను. చిగుళ్లొచ్చాయి, ఆ వెనకే మొగ్గలు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మొగ్గలు కోస్తున్నా. నాకు మాల కట్టడం రాదు. గిన్నెలో వేసి అమ్మ ఫోటో ముందు పెడతా. రాత్రయ్యేసరికి అవి విచ్చుకుని ఇల్లంతా వాసన. ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అక్కడే కూర్చుంటా. దిగులు పోలేదండీ. కానీ ఆ కాసేపూ మనసు కుదురుగా ఉంటుంది.

మీ ఇంట్లో కూడా అలా వాళ్లు పెంచిన మొక్క ఉంటే, ఈరోజు ఓ చెంబుడు నీళ్లు పొయ్యండి. మళ్లీ కలుద్దాం.